ఒక హబ్ ఊడి చేతికొచ్చింది, రెండోది కదలనంటోంది (1930 ఫోర్డ్ మోడల్ ఏ, వెనక చక్రాలు)

హబ్‌కష్టాలు
శనివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ మీరు రాసినవి చదువుకోవడమే తప్ప నేను రాసింది లేదు, ఇప్పుడు వేరే దారి లేక రాస్తున్నా. బండి 1930 మోడల్ ఏ. వెనక సీళ్ళు (నూనె బయటికి రాకుండా ఆపే రింగులు) పోయి బ్రేకు లైనింగుల మీదికి నూనె కారుతోంది, బ్రేకు తొక్కితే ఆగాలా వద్దా అని ఆలోచించుకుని ఆగుతోంది. అందుకని రెండు హబ్బులూ (షాఫ్టు కొన మీద కూర్చుని చక్రాన్ని మోసే మధ్య భాగాలు) తీసి సీళ్ళు మార్చేద్దామని కూర్చున్నా. ఎడమవైపు నట్టు తీసి, పుల్లర్ (హబ్‌ను బయటికి లాగే పనిముట్టు) పెట్టి అర చుట్టు తిప్పానో లేదో హబ్ వచ్చి ఒళ్ళో పడింది. ఓస్ ఇంతేనా అనుకున్నా. కుడివైపు మూడు రోజులైంది, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మూడు కాళ్ళ పుల్లర్ డ్రమ్ము అంచుకు తగిలించి, పానాకు పైపు తొడిగి, నా బరువంతా వేసి లాగితే డ్రమ్ము అంచు బయటికి వంగినట్టు అనిపించి భయమేసి ఆపేశా. ఇంకా లాగనా? వేడి చేయనా? పెద్ద సుత్తి తియ్యనా?

పాతపానా
శనివారం, ఉదయం 9:05

ఏదీ వద్దు తమ్ముడూ. ముందు ఆ మూడు కాళ్ళ పుల్లర్ తీసి కంటికి కనబడని చోట పెట్టు. మోడల్ ఏ హబ్ బయటి కొనకు చుట్టూ ఒక గాడి ఉంటుంది, తుప్పూ పాత గ్రీజూ పేరుకుని కనిపించదు, వైరు బ్రష్షుతో రుద్దితే బయటపడుతుంది. ఆ గాడిని రెండు చెక్కలుగా పట్టుకుని బోల్టులతో బిగుసుకునే పుల్లర్ వేరే ఉంది, ఆ గాడి ఉన్నదే దానికోసం. దాంతో లాగితే బలమంతా తిన్నగా షాఫ్టు మీద పడుతుంది. డ్రమ్ము అంచు పట్టుకుని లాగితే సగం బలం డ్రమ్మును వంచడానికే సరిపోతుంది. నీ బండికి అప్పటి డ్రమ్ములే ఉంటే అవి ఉక్కు రేకువి, వంగుతాయి. తర్వాత మార్చిన పోత ఇనుప డ్రమ్ములైతే వంగవు, పగులుతాయి. రెంటిలో ఏది నయమో నువ్వే చెప్పు.

సుత్తిబాబు
శనివారం, ఉదయం 9:31

ఇంత రాద్ధాంతం ఎందుకు, షాఫ్టు చివరి థ్రెడ్డుకు ఎక్కించే దిమ్మె లాంటి మొద్దు నట్టు దొరుకుతుంది, దాన్ని బిగించి పెద్ద సుత్తితో ఒక్కటిస్తే ఠంగుమని వదులుతుంది. నేను ఎన్ని తీశానో లెక్క లేదు. కాకపోతే చెవుల్లో దూది పెట్టుకోవాలి.

పాతపానా
శనివారం, ఉదయం 9:44

వదులుతుంది, నిజమే. ఆ దెబ్బ ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా ఆలోచించావా? మోడల్ ఏలో షాఫ్టూ, డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ బలం పంచే పళ్ళ పెట్టె) లోపలి పళ్ళ చక్రమూ ఒకే ముక్క. బయట నువ్వు కొట్టిన దెబ్బ లోపల ఆ పళ్ళకీ, అక్కణ్ణుంచి అవతలి షాఫ్టుకీ తగులుతుంది. షాఫ్టు పాడైతే బయట నుంచి లాగి మార్చేది కాదు, వెనక యాక్సిల్ మొత్తం దించి విప్పదీయాలి. హబ్ తీయడానికి పోయి యాక్సిల్ దించుకున్నవాళ్ళు నాకు తెలుసు. అందులో ఒకడు నేనే.

సుత్తిబాబు
శనివారం, ఉదయం 9:50

ఆ ఆఖరి మాట ముందే చెప్పుంటే నోరు మూసుకుని ఉండేవాణ్ణి గురువుగారూ 🙏

గ్రీజుమరక
శనివారం, ఉదయం 10:20

హబ్‌కష్టాలు గారూ, పుల్లర్ సంగతి పాతపానా గారు చెప్పారు కాబట్టి నేను పని వరస చెబుతా, ఎందుకంటే ఇందులో దెబ్బలు తగిలేది బండి కంటే మనుషులకే ఎక్కువ.

నట్టు పూర్తిగా తీసేయకండి. స్ప్లిట్ పిన్ (నట్టు తిరగకుండా అడ్డంగా గుచ్చే పిన్ను) లాగేశాక నట్టును రెండు మూడు చుట్లు వదిలి అక్కడే ఉంచండి. టేపర్ (షాఫ్టు కొన శంకువులా సన్నబడే భాగం) మీద బిగుసుకున్న హబ్ మెల్లగా జారదు, తుపాకీ పేలినట్టు ఒక్కసారిగా వదులుతుంది. నట్టు లేకపోతే హబ్, డ్రమ్ము, పుల్లర్ మూడూ కలిసి మీ మోకాళ్ళ మీదికి వస్తాయి. నట్టు ఉంటే రెండు మిల్లీమీటర్లు జరిగి దానికి తగిలి ఆగుతుంది. ఇంకో లాభం, పుల్లర్ బోల్టు నొక్కుడికి షాఫ్టు కొన ఉబ్బి థ్రెడ్డు పాడవకుండా నట్టు కాపలా కాస్తుంది, పాడైనా నట్టు తిప్పి తీసేటప్పుడు దానంతట అదే కొంత సరిచేసుకుంటుంది.

చేతి బ్రేకు వదిలేయండి, బ్రేకు సర్దుబాటు కూడా బాగా లూజు చేయండి. డ్రమ్ము లోపల అరిగి అంచు దగ్గర గట్టు కట్టి ఉంటే బ్రేకు చెప్పులు (షూలు) దానికి పట్టుకుంటాయి, హబ్ టేపర్ వదిలేసినా మీరు ఇంకా బిగుసుకుందనే అనుకుంటారు. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. జాకీ మీద పని చేయొద్దు, యాక్సిల్ కింద స్టాండ్లు.

పుల్లర్ గట్టిగా బిగించి, బోల్టు తల మీద మధ్యరకం సుత్తితో ఒక్క దెబ్బ, తిన్నగా. (సుత్తిబాబు గారూ, ఇక్కడ హబ్ లాగుడులో ఉండగా తగిలే దెబ్బ ఇది, చేతిలో బలమంతా వేసి కొట్టే దెబ్బ కాదు.) మళ్ళీ పావు చుట్టు బిగించండి. మళ్ళీ ఒక దెబ్బ. రాకపోతే అలాగే బిగువు మీద వదిలేసి పోయి పడుకోండి. నాకు రెండుసార్లు రాత్రి పడుకున్నాక షెడ్డులోంచి ఢాం అని వినబడింది, మొదటిసారి దొంగలనుకున్నాం.

ఆ డ్రమ్ము లోపలి నల్లపొడి ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి సంచిలో కట్టి పారేయండి.

హబ్‌కష్టాలు
శనివారం, ఉదయం 11:02

అక్కా, చాలా థాంక్స్. పుల్లర్ ఒక మిత్రుడి దగ్గర ఉందట, సాయంత్రానికి వస్తుంది. ఈలోగా ఒకటి అడుగుతా, నట్టు ఒక చుట్టు వదిలి బండిని కాసేపు గుండ్రంగా తిప్పితే అదే వదులుతుందని ఎక్కడో విన్నా. నిజమేనా?

సుత్తిబాబు
శనివారం, ఉదయం 11:15

నిజమే, చేశాను. మలుపులో బరువు పక్కకు తోసినప్పుడు టక్‌మని వదులుతుంది. కానీ నీ బండికి అసలు బ్రేకులే లేవన్నావు కదా బాబూ, నడపడం ఎందుకు.

లేత్‌మనిషి
శనివారం, మధ్యాహ్నం 12:10

వదిలిన మరుక్షణం ఇంజను లాగుడంతా కీ (హబ్‌కూ షాఫ్టుకూ మధ్య గాడిలో కూర్చునే చిన్న ఇనుప ముక్క) మీద పడుతుంది. కీ ఉన్నది అందుకు కాదు. దాని గురించి తర్వాత రాస్తా, ఇప్పుడు పని మీద ఉన్నా. ఈలోగా ఊడొచ్చిన ఎడమ హబ్ లోపలా, ఆ షాఫ్టు మీదా ఫోటోలు తీసి పెట్టండి. నాకు కుడివైపు కంటే ఎడమవైపే అనుమానంగా ఉంది.

హబ్‌కష్టాలు
శనివారం, మధ్యాహ్నం 12:18

ఎడమవైపా? అది బంగారంలా వచ్చింది కదండీ.

లేత్‌మనిషి
శనివారం, మధ్యాహ్నం 12:19

అందుకే.

చక్రపాణి
శనివారం, మధ్యాహ్నం 2:45

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, పేరు చూసి నవ్వకండి, మా వాళ్ళు పెట్టిందే. నాది ఎంజీబీ కారు, తీగ చక్రాలు, మధ్యలో సుత్తితో కొట్టి తిప్పే ఒకే పెద్ద నాకాఫ్ నట్టు. హబ్బులు నాలుగూ తీసి పెయింటు వేయించా. ఇప్పుడు ఏది ఎటువైపుదో గుర్తు పెట్టుకోలేదు. పళ్ళు చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. ఎటు బిగించినా ఫర్వాలేదా?

గ్రీజుమరక
శనివారం, మధ్యాహ్నం 3:10

ఫర్వాలేదు కాదు, ప్రాణం మీదికొస్తుంది! ఆ హబ్బుల థ్రెడ్డు ఒక వైపువి కుడి మర (కుడికి తిప్పితే బిగిసేది), ఇంకో వైపువి ఎడమ మర (ఎడమకు తిప్పితే బిగిసేది). బండి ఎడమవైపు హబ్బులకు మామూలు కుడి మర, కుడివైపు వాటికి ఎడమ మర. చక్రం ముందుకు తిరిగే దిక్కుకు ఎదురుగా నట్టు బిగుసుకోవాలి, అదీ గుర్తు. అలా ఉంటే నడిచే కొద్దీ నట్టు ఇంకా బిగుస్తుంది. మార్చి పెడితే నడిచే కొద్దీ వదులవుతుంది, చక్రం మీకంటే ముందే ఇంటికి చేరుతుంది. హబ్బులు కడిగి థ్రెడ్డు చూడండి, చేత్తో నట్టు ఎక్కిస్తే ఏది ఏ మరో తెలిసిపోతుంది.

పాతపానా
శనివారం, మధ్యాహ్నం 3:32

అక్క చెప్పింది మధ్య నట్టుకు మాత్రమే అని గట్టిగా రాసుకో చక్రపాణీ. మామూలుగా నాలుగైదు నట్లతో బిగించే చక్రాలకు ఎడమ మర పెట్టిన బండ్లు కూడా ఉన్నాయి, క్రైస్లర్ వాళ్ళు 1960ల్లో కూడా పెట్టారు, వాటికి ఎడమ మర ఎడమవైపునే. అంటే నీ దానికి సరిగ్గా తిరగేసి. ఒక బండి లెక్క ఇంకో బండికి వేసి నట్టు కదలట్లేదని పైపు తొడిగి స్టడ్డు విరిచేసినవాళ్ళు బోలెడు మంది. విరిచాక చూస్తే ఇంకా బిగిస్తూ ఉన్నారన్నమాట.

బీటిల్‌బుజ్జి
శనివారం, సాయంత్రం 4:05

అయ్యో నాకూ ఇదే జరిగింది! నా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ముందు ఎడమ చక్రం బేరింగు నట్టు ఎంత తిప్పినా రాలేదు, తర్వాత తెలిసింది అక్కడ ఎడమ మర అని. స్పీడోమీటర్ తీగ వచ్చేది కూడా ఆ చక్రం మధ్యలోంచే. ఇప్పుడు వెనక డ్రమ్ము తీయాలి, 36 మిల్లీమీటర్ల నట్టు, దానికీ ఈ పుల్లర్ కావాలా?

పాతపానా
శనివారం, సాయంత్రం 4:20

బీటిల్ వెనకది టేపర్ కాదు, పళ్ళ మీద జారే డ్రమ్ము. నట్టు వచ్చిందంటే డ్రమ్ము వచ్చినట్టే, తుప్పు పట్టకపోతే. నీ యుద్ధమంతా ఆ నట్టుతోనే, స్వింగ్ యాక్సిల్ (పాత రకం వెనక యాక్సిల్) బండికి దాని బిగువు 217 అడుగు-పౌండ్లు. బండి నేల మీద ఉండగానే, చక్రం తొడిగి ఉండగానే, చేతి బ్రేకు లాగి నట్టు వదులు చెయ్యి. జాకీ మీద ఎత్తి ఆ బలంతో లాగావో బండి వచ్చి నీ మీద కూర్చుంటుంది. వేరే చర్చ మొదలుపెట్టు, ఇది హబ్‌కష్టాలు వాళ్ళ ఇల్లు.

హబ్‌కష్టాలు
శనివారం, రాత్రి 9:50

పుల్లర్ వచ్చింది. గాడి దొరికింది, గురువుగారు చెప్పినట్టే అరంగుళం మట్టి కింద. బిగించా, కొట్టా, బిగించా, కొట్టా. ఏమీ లేదు. టేపర్ సందులో తుప్పు వదిలించే నూనె పోశా. ఇప్పుడు వేడి చేయొచ్చా?

సుత్తిబాబు
శనివారం, రాత్రి 10:04

చెయ్యి, కానీ షాఫ్టును కాదు, హబ్ మెడను. చుట్టూ తిప్పుతూ, గబగబా. షాఫ్టు కూడా కాలితే రెండూ కలిసి ఉబ్బుతాయి, నీకు ఒరిగేదేమీ లేదు.

లేత్‌మనిషి
శనివారం, రాత్రి 10:30

లెక్క చెబుతా. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన కొలతలో పది లక్షల్లో 12 వంతులు పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల రంధ్రం షాఫ్టు కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే పెరిగేది 0.03 మిల్లీమీటర్లు. అంతే. కానీ టేపర్‌కు అది చాలు. ఎర్రగా కాల్చాల్సిన పని లేదు, నీటి చుక్క వేస్తే చుర్రుమంటే చాలు. లోపలి సీలు ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి పోయినా దిగుల్లేదు, బేరింగు గ్రీజు మాత్రం కరిగి కారిపోతుంది, తర్వాత కడిగి కొత్తది పెట్టుకోవాల్సిందే. పోసిన నూనె తుడిచేశాకే మంట దగ్గరికి తీసుకెళ్ళండి.

గ్రీజుమరక
శనివారం, రాత్రి 10:41

ఇంకొక్క మాట, దయచేసి. బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టి ఉంటే అది పూర్తిగా ఆరేదాకా మంట వెలిగించకండి. వాటిలో కొన్నింట్లో క్లోరిన్ ద్రావకాలు ఉంటాయి, మంట తగిలితే ఫాస్జీన్ వస్తుంది, అది విషవాయువు. ఇది ఏదో భయపెట్టడానికి చెప్పే మాట కాదు. అసలు ఈ రాత్రికి మంట వద్దు, పుల్లర్ బిగువు మీద వదిలేసి పడుకోండి.

హబ్‌కష్టాలు
ఆదివారం, ఉదయం 6:25

వచ్చేసింది!!! మంట అవసరమే పడలేదు. పొద్దున కాఫీ కప్పుతో షెడ్డులోకి వెళ్ళి బోల్టు తల మీద చిన్నగా ఒక్కటి తట్టా, పటేల్‌మంది, కాఫీ నా చొక్కా మీద, హబ్ నట్టుకు ఆనుకుని ఉంది. నట్టు ఉంచమని చెప్పినందుకు అక్కకు రుణపడి ఉంటా.

ఇప్పుడు లేత్‌మనిషి గారి కోసం రెండు వైపులా ఫోటోలు పెట్టా. కుడి షాఫ్టు టేపర్ అంతా ఒకే బూడిదరంగు, మెత్తగా ఉంది. ఎడమది చూస్తే లావు చివర మాత్రం అద్దంలా మెరుస్తోంది, మిగతాదంతా ఎర్రటి పొడి, బొట్టు పొడిలా వేలికి అంటుకుంటోంది. కీ పక్క అంచు మీద చిన్న మెట్టులా పడింది, గోరు పెడితే ఆగుతోంది.

లేత్‌మనిషి
ఆదివారం, ఉదయం 7:40

అదే అనుకున్నా. మీ కుడివైపు ఆరోగ్యంగా ఉంది, మూడు రోజులు పోరాడింది కూడా అందుకే. జబ్బు ఎడమవైపుది.

చక్రాన్ని తిప్పేది కీ అని చాలామంది అనుకుంటారు. కాదు. నట్టు బిగించినప్పుడు హబ్ ఆ శంకువు మీదికి టన్నుల లెక్కన నొక్కుకుంటుంది, ఆ ఒరిపిడే చక్రాన్ని తిప్పుతుంది. కీ పని హబ్‌ను ఒక చోట నిలబెట్టడం, అంతకు మించి ఏమీ లేదు. నట్టు ఎప్పుడో వదులైంది, లేదా ఎవరో సరిగా బిగించలేదు. అప్పట్నుంచి మీరు గేరు వేసిన ప్రతిసారీ, బ్రేకు తొక్కిన ప్రతిసారీ హబ్ షాఫ్టు మీద వెంట్రుకంత ముందుకీ వెనక్కీ ఆడుతోంది. ఆ ఎర్రపొడి ఆ రాపిడిలో రాలిన ఇనుమే, తుప్పయి బయటికొచ్చింది. కీ మీద మెట్టు కూడా అందుకే. ఇంకొన్నాళ్ళు పోతే కీ తెగేది, లేదంటే ఇంకా ఘోరం, కీ గాడి మూల దగ్గర షాఫ్టు పగులు పట్టి ఒక రోజు విరిగేది.

ఇప్పుడు చేయాల్సింది. షాఫ్టు టేపర్ కిరసనాయిలుతో కడిగి, కీ గాడి చుట్టూ పగుళ్ళు చూపించే రంగు స్ప్రే వేయండి, ఎరుపు వేసి, తుడిచి, తెలుపు చల్లితే పగులు ఉన్నచోట ఎర్రగీత తేలుతుంది. గాడి మూలలూ, టేపర్ లావు చివరా బాగా చూడండి. గీత కనిపిస్తే ఆ షాఫ్టు కథ అయిపోయినట్టే, దాని మీద వెల్డింగు ఆలోచన చేయకండి.

హబ్‌కష్టాలు
ఆదివారం, ఉదయం 11:30

రంగు వేశా, రెండుసార్లు. గీత లేదు. అమ్మయ్య. తర్వాత?

లేత్‌మనిషి
ఆదివారం, మధ్యాహ్నం 12:15

తర్వాత నీలం పరీక్ష. ప్రష్యన్ బ్లూ (ఎక్కడ ఆనిందో చూపించే నీలం రంగు) పలచగా, పలచగా అంటే వేలితో రాసి మళ్ళీ తుడిచేసినంత పలచగా, షాఫ్టు టేపర్ మీద రాయండి. కీ తీసేసి హబ్‌ను చేత్తో తిన్నగా నెట్టి, కొద్దిగా తిప్పి, తీయండి. హబ్ లోపల నీలం ఎక్కడ అంటిందో చూడండి. నాలుగింట మూడు వంతులకు పైగా, రెండు చివరలా అంటాలి. మీ దాంట్లో ఒక్క లావు చివరే అంటుతుందని ఇప్పుడే చెప్పగలను.

అప్పుడు వాల్వులు అరగదీసే పేస్టు, ముందు ముతకది, తర్వాత సన్నది. కీ లేకుండా హబ్‌ను షాఫ్టు మీద పెట్టి, అటూ ఇటూ పావు చుట్టు ఆడిస్తూ, మధ్యమధ్యలో లేపి చోటు మారుస్తూ రుద్దడం. ఒకే చోట ఆడిస్తే వరసలు పడతాయి. ముందు లోపలికి పేస్టు పోకుండా యాక్సిల్ గొట్టం నోట్లో గుడ్డ కుక్కండి, ఆ పేస్టు ఒక్క చిటికెడు బేరింగులోకి పోయినా దాన్ని తినేస్తుంది. ఐదు నిమిషాలకోసారి కడిగి మళ్ళీ నీలం. అయ్యాక రెండింటినీ ఆరేడు సార్లు కడగండి.

సుత్తిబాబు
ఆదివారం, మధ్యాహ్నం 12:40

పేస్టు గొడవ ఎందుకండీ, మోడల్ ఏ కోసమే పలచటి రేకు షిమ్ములు దొరుకుతాయి, టేపర్‌కు చుట్టి హబ్ ఎక్కించేయడమే. నా బండిలో ఏళ్ళ తరబడి ఉన్నాయి, ఏమీ కాలేదు.

లేత్‌మనిషి
ఆదివారం, మధ్యాహ్నం 12:58

మీ బండిలో ఏమీ కాకపోవడం మీ అదృష్టం, కాదనను. టేపర్ పట్టు అంటే రెండు లోహాలు ఒంటికి ఒళ్ళు ఆనడం. మధ్యలో రేకు పెడితే ఆనే చోట్లు రెండవుతాయి, అరిగిన పల్లం అరిగినట్టే ఉంటుంది, రేకు దాన్ని కప్పుతుంది తప్ప నింపదు. హబ్ మరీ లోపలికి పోయి డ్రమ్ము వెనక పళ్ళేనికి రాసుకుంటోంటే, కొత్త హబ్ దొరికేదాకా తాత్కాలికంగా, అంతే. అరుగుదల దాచడానికి మాత్రం కాదు.

పాతపానా
ఆదివారం, మధ్యాహ్నం 1:20

నేను లేత్‌మనిషి పక్షం. అయితే తమ్ముడూ, రుద్దుడులో అత్యాశ పడకు. రుద్దే కొద్దీ హబ్ లోపలికి జరుగుతుంది. మధ్యమధ్యలో నట్టూ వాషరూ పెట్టి చూసుకో, నట్టు థ్రెడ్డు అయిపోయిన చోట ఆగిపోతోందా, నిజంగా హబ్‌ను నొక్కుతోందా అని. థ్రెడ్డు చివర ఆగిన నట్టు చేతికి గట్టిగానే తగులుతుంది, టార్క్ రెంచి (బిగువు కొలిచే పానా) కూడా టక్‌మంటుంది, హబ్ మాత్రం వదులుగానే ఉంటుంది. ఎడమవైపు హబ్‌కు మొదట్లో జరిగింది ఇదే అయినా ఆశ్చర్యపోను.

బీటిల్‌బుజ్జి
ఆదివారం, మధ్యాహ్నం 2:02

నాది కాకపోయినా చదువుతూనే ఉన్నా 😀 ఒక సందేహం, బిగించేటప్పుడు టేపర్‌కు కాస్త గ్రీజు రాస్తే వచ్చేసారి సులువుగా వస్తుంది కదా?

సుత్తిబాబు
ఆదివారం, మధ్యాహ్నం 2:10

నేను రాస్తాను కొద్దిగా.

లేత్‌మనిషి
ఆదివారం, మధ్యాహ్నం 2:11

రాయకండి.

గ్రీజుమరక
ఆదివారం, మధ్యాహ్నం 2:35

నా పేరే గ్రీజుమరక, అయినా నేనూ వద్దనే అంటా. గ్రీజు రాస్తే అదే నట్టు బిగువుకు హబ్ ఇంకా లోపలికి దూరుతుంది, హబ్ మెడ మీద ఒత్తిడి పెరుగుతుంది, పాత హబ్బులైతే కీ గాడి మూలలో చీలతాయి. తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడిచి మళ్ళీ పొడిగుడ్డతో తుడిచేసేవాళ్ళు ఉన్నారు, అంతవరకు సరే. నేనైతే ద్రావకంతో కడిగి పొడిగా ఎక్కిస్తా. గ్రీజు పెట్టాల్సింది బేరింగుకూ సీలు పెదవికీ. అదీ బేరింగు రోలర్ల సందుల్లోకి వేళ్ళతో కూరాలి, హబ్ కుహరమంతా నింపేయకూడదు, వేడెక్కి ఆ గ్రీజే మళ్ళీ లైనింగుల మీదికి వస్తుంది, చేసిన పనంతా వృథా.

సీళ్ళు మార్చేటప్పుడు డిఫరెన్షియల్‌లో నూనె మట్టం కూడా చూడండి. ఎక్కువ పోసి ఉంటే ఎన్ని సీళ్ళు మార్చినా కారుతుంది.

కీ విషయం: కొత్త కీ పక్కల్లో బిగుతుగా, పైన మాత్రం కాస్త సందు ఉండేలా చూడండి. పైన తగిలితే హబ్ కీ మీద కూర్చుంటుంది, టేపర్ మీద కాదు. హబ్ నెట్టేటప్పుడు కీ వెనక్కి జారి పైకి లేస్తుంది ఒక్కోసారి, అది కూడా చూసుకోవాలి.

చక్రపాణి
ఆదివారం, సాయంత్రం 5:15

మర పరీక్ష చేశా, రెండు కుడి, రెండు ఎడమ, అక్క చెప్పినట్టే. ఇప్పుడు ముందు హబ్బులు ఎక్కిస్తున్నా. నట్టు బిగించాక పిన్ను రంధ్రం కలవట్లేదు. ఈ చర్చలో ఎవరో ముందుకే బిగించాలి అన్నట్టు గుర్తు?

లేత్‌మనిషి
ఆదివారం, సాయంత్రం 5:40

ఇంకా ఎవరూ అనలేదు, ఇప్పుడు నేను అంటున్నా, కానీ మీ ముందు హబ్‌కు కాదు. దయచేసి ఈ రెండూ కలపకండి.

టేపర్ మీద కూర్చునే వెనక హబ్ నట్టు: బిగువు పట్టాక రంధ్రం కలవకపోతే ఇంకా ముందుకే బిగించాలి, పిన్ను కోసం ఒక్క వెంట్రుక కూడా వెనక్కి వదలకూడదు. మోడల్ ఏకు 100 అడుగు-పౌండ్లకు (దాదాపు 136 న్యూటన్ మీటర్లు) తగ్గకుండా, అక్కణ్ణుంచి తర్వాతి గాడి దాకా.

టేపర్ రోలర్ బేరింగుల మీద తిరిగే ముందు హబ్: అక్కడ నట్టు బేరింగు ప్లేని (హబ్ ముందుకీ వెనక్కీ ఆడే సందును) నిర్ణయిస్తుంది. మామూలు రకానికి హబ్ తిప్పుతూ బిగించి, రోలర్లు కూర్చున్నాక వెనక్కి వదిలి, కొద్దిగా ప్లే ఉండేలా పిన్ను పెడతారు. అక్కడ ముందుకు బిగిస్తే బేరింగు కాలిపోతుంది. మీ ఎంజీబీ ఇంకో రకం, మధ్యలో స్పేసరూ (దూరం నిలబెట్టే గొట్టం) షిమ్ములూ ఉంటాయి, నట్టు గట్టిగా బిగించే ఉంచాలి, ప్లే 0.002 నుంచి 0.004 అంగుళాల మధ్య రావడానికి షిమ్ములు మార్చుకోవాలి. డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపించే కొలత పరికరం) పెట్టి కొలవండి, చేత్తో ఊపి చెప్పేది కాదు. పెయింటు వేయించే ముందు ఏ షిమ్ములు ఏ హబ్‌వో విడివిడిగా పెట్టారా?

చక్రపాణి
ఆదివారం, సాయంత్రం 5:44

అన్నీ ఒకే డబ్బాలో ఉన్నాయి.

లేత్‌మనిషి
ఆదివారం, సాయంత్రం 5:45

సరే. డయల్ గేజ్ తెచ్చుకోండి, కుర్చీ కూడా.

హబ్‌కష్టాలు
బుధవారం, రాత్రి 8:30

మూడు సాయంత్రాలు రుద్దా. మొదటి నీలం పరీక్షలో లేత్‌మనిషి గారు చెప్పినట్టే లావు చివర ఉంగరంలా ఒక గీత అంటింది, మిగతాదంతా ఖాళీ. ఆఖరికి నిన్న రాత్రి హబ్ లోపల అంతా నీలమే, కీ గాడి పక్కన చిన్న మచ్చ తప్ప. హబ్ ఒక మిల్లీమీటరు లోపలికి పోయింది, డ్రమ్ముకూ వెనక పళ్ళేనికీ మధ్య ఇంకా సందు ఉంది. కొత్త కీ, కొత్త సీళ్ళు, పొడి టేపర్. నట్టు 100 దగ్గర రంధ్రం కలవలేదు, ముందుకే బిగించా, పైపు లేకుండా రాలేదు. కొత్త పిన్ను పెట్టి రెండు కాళ్ళూ వంచా.

వింత ఏంటంటే చేతులకు ఇప్పుడు భయం పట్టుకుంది. ఇంతకాలం ఆ ఎడమ చక్రం కీ అనే ఒక్క ముక్క మీద తిరిగింది, వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిప్పాను.

పాతపానా
బుధవారం, రాత్రి 9:10

ఆ భయం మంచిదే, కొన్నాళ్ళు ఉండనీ. పని ఇంకా అవలేదు. ఒక 50 కిలోమీటర్లు మెల్లగా నడిపి, పిన్ను తీసి మళ్ళీ బిగువు చూడు. కొత్తగా రుద్దిన టేపర్ కూర్చోవడానికి టైము పడుతుంది. తీసిన పిన్ను మళ్ళీ వాడకు.

హబ్‌కష్టాలు
ఆదివారం, ఉదయం 10:15

50 అయింది. కుడివైపు కదల్లేదు. ఎడమవైపు నట్టు ఇంకో గాడి దాకా తిరిగింది గురువుగారూ! మీరు చెప్పకపోయుంటే అసలు చూసేవాణ్ణే కాదు. మళ్ళీ పిన్ను మార్చా.

పాతపానా
ఆదివారం, ఉదయం 10:22

ఇంకో 200కు మళ్ళీ చూడు. అప్పుడూ తిరిగితే హబ్ విప్పి నీలం మళ్ళీ రాయాలి.

హబ్‌కష్టాలు
తర్వాతి శనివారం, సాయంత్రం 6:50

230 కిలోమీటర్లు. రెండు వైపులా రెంచి వెంటనే టక్‌మంది, నట్టు అంగుళంలో నూరో వంతు కూడా కదల్లేదు. లైనింగుల మీద నూనె లేదు. బ్రేకు తొక్కితే బండి ఆగుతోంది, ముందున్నవాళ్ళ కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోతున్నా.

సుత్తిబాబు
తర్వాతి శనివారం, సాయంత్రం 7:05

శుభం. నేను కూడా నా షిమ్ములు తీసి చూద్దామనుకుంటున్నా, ఊరికే, చూడ్డానికి. ఆ పుల్లర్ మీ మిత్రుడు ఇంకొకరికి ఇస్తాడేమో కనుక్కుంటావా?

చక్రపాణి
తర్వాతి శనివారం, సాయంత్రం 7:30

ఎవరి దగ్గరైనా డయల్ గేజ్ ఉందా?